పైకి చదివిన పుస్తకాలు



మా అమ్మకు డెబ్బై దాటాక నీటికాసుల వల్ల చూపు పోయింది. మొదట పేపర్లో చిన్న అక్షరాలు ఆనలేదు. తరవాత పెద్ద అక్షరాలూ ఆనలేదు. ఏడాది తిరిగేసరికి పుస్తకం పక్కన పెట్టేసింది. అమ్మ ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఊరి గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెప్పించుకుని, పొయ్యి మీద పప్పు ఉడికేలోగా నాలుగు పేజీలు చదువుకునేది. అలాంటి మనిషి ఒళ్లో పుస్తకం లేకుండా గోడకు జారబడి కూర్చుంటే నేను చూడలేకపోయాను. రాత్రి భోజనాలయ్యాక ఒక గంట నేను పైకి చదవడం, ఆవిడ వినడం అలా మొదలైంది. ఆరేళ్లు సాగింది.

ఆ ఆరేళ్లలో చదివిన కొన్ని పుస్తకాల మీద నా అభిప్రాయాలు ఇవాళ మీతో పంచుకుంటాను. నేను విమర్శకురాలిని కాను. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. వీటిలో చాలా పుస్తకాలు అంతకుముందే చదివాను, వాటి మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉండేవి. పైకి చదవడం మొదలుపెట్టాక వాటిలో సగం మారిపోయాయి. ఎందుకు మారాయో చెప్పడమే ఈ ప్రసంగం.

కళ్లతో చదివేటప్పుడు మనకు తెలియకుండానే వాక్యాలు దాటేస్తాం. వర్ణన వస్తే కన్ను జారిపోతుంది, కథ ఎక్కడుందా అని ముందుకు పరిగెడుతుంది. పైకి చదివేవాళ్లకు ఆ వీలుండదు. ప్రతి మాటా నాలుక మీదుగా పోవలసిందే. పైగా ఎదురుగా వినే మనిషి ఉంది. ఆవిడ మధ్యలో ఆపి, "ఏమే, ఆ మాట అన్నది ఎవరు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, పుస్తకంలో ఎవరి గొంతు ఏదో నాకు తెలిసి ఉండాలి.

మొదట చదివింది శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రిగారి కథలు. అమ్మది గోదావరి జిల్లా, శాస్త్రిగారు 1891లో పుట్టిన పొలమూరూ అక్కడిదే. ఆయన కథల్లో చాలాభాగం సంభాషణే. ఎవరు మాట్లాడుతున్నారో కూడా చాలాచోట్ల చెప్పరు. కాలేజీ రోజుల్లో అది నాకు చిరాకు పుట్టించింది. ఎవరన్నారో తెలియక వెనక్కీ ముందుకూ తిప్పుకునేదాన్ని. పైకి చదివితే ఆ ఇబ్బంది కనిపించలేదు. వాక్యంలోనే మనిషి ఉంది. అత్తగారి వాక్యం ఒకలా విరుగుతుంది, వదినగారిది ఇంకోలా సాగుతుంది. "అరికాళ్ళ కింద మంటలు" కథలో, భర్త పోయి పుట్టింట్లో ఉన్న ఆడపిల్లకు ఇంటిల్లిపాదీ పనులు పురమాయిస్తూ ఉంటారు. ఒక పిలుపు పూర్తికాక ముందే మరో పిలుపు. అది చదువుతుంటే నాకే ఊపిరి ఆడలేదు. చివరికి ఆ పిల్ల ఇల్లు విడిచి, జట్కా ఎక్కి వీరేశలింగం పంతులుగారి తోటకు బయలుదేరితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "మా పిన్నికి ఆ జట్కా దొరకలేదు" అంది. ఆ పిన్ని సంగతి అంతవరకూ మా ఇంట్లో నేను విననే లేదు.

నా మొదటి అభిప్రాయం ఇది. తెలుగు వచనం ఎలా ఉండాలో నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు శ్రీపాదవారిని పైకి చదవాలి. ఆయన రాసిన "అనుభవాలూ జ్ఞాపకాలూనూ" కూడా అంతే. సంస్కృత పండితుల ఇంట, వేదం చదివే ఇంట పుట్టిన పిల్లవాడు తెలుగు వైపు ఎలా తిరిగాడో చెప్పే ఆ పుస్తకం, వీధి అరుగు మీద కూర్చుని ఎదురుగా ఉన్నవాళ్లకు చెబుతున్నట్టే ఉంటుంది.

తరవాత "కన్యాశుల్కం". 1892లో మొదటిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. గురజాడ అప్పారావుగారు దాన్ని బాగా మార్చి, పెంచి 1909లో మళ్ళీ వేశారు. ఈనాడు మనం చదువుతున్నది ఆ రెండో కూర్పే. నాటకం గనక పైకి చదవడానికే పుట్టింది. గిరీశం మాటలు చదివే నోటికి పండగే. ఇంగ్లీషు ముక్కలు కలిపి అతను కోసే కోతలకు అమ్మ పగలబడి నవ్వేది. అగ్నిహోత్రావధాన్లు కేకలు వేస్తుంటే పక్కింటివాళ్లు ఏమైందని తలుపు తట్టారు. అయితే రెండో వారానికి ఒక సంగతి గమనించాను. నాటకంలో ఎక్కువ మాట్లాడేవాళ్లు వేరు, ఎక్కువ నష్టపోయేవాళ్లు వేరు. బుచ్చమ్మ మాటలు పొట్టివి. గిరీశం పేజీలకు పేజీలు మాట్లాడితే ఆ పిల్ల రెండు ముక్కలు అంటుంది. ఆ రెండు ముక్కల్లో నమ్మకం, భయం, ఆశ కలిసి ఉంటాయి. పైకి చదివేటప్పుడు కష్టమైన పాత్ర అదే. గిరీశానికి గొంతు ఇవ్వడం ఎవరికైనా వస్తుంది.

చివరి అంకం అయ్యాక అమ్మ అడిగింది: "సుబ్బికి పెళ్లి తప్పింది. బుచ్చమ్మను పూనా పంపుతామన్నారు. మధురవాణిని అందరూ మెచ్చుకుంటారు. మరి మీనాక్షి గురించి ఎవరూ మాట్లాడరేం?" మీనాక్షి లుబ్ధావధాన్లు కూతురు, వితంతువు, రామప్పంతులు మాటలు నమ్మి మోసపోయిన మనిషి. నేను ఎన్నిసార్లు చదివానో, సభల్లో ఎంతమంది చెప్పగా విన్నానో. గిరీశం మీద, మధురవాణి మీద గంటల తరబడి మాటలు. మీనాక్షి దగ్గర ఆగినవాళ్లు తక్కువ. ఆ రోజు నుంచి ప్రతి పుస్తకానికీ అమ్మ ప్రశ్న ఒక్కటే అయింది. ఇందులో ఎవరి మాట మనకు వినపడలేదు? చదివే నాకూ అదే అలవాటైంది. అందరికీ గొంతు అరువిచ్చేటప్పుడు, ఎవరికి ఇవ్వలేదో వెంటనే తెలిసిపోతుంది.

ఆ ప్రశ్నతో విశ్వనాథ సత్యనారాయణగారి "వేయిపడగలు" తీశాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1934లో పెట్టిన పోటీలో అడవి బాపిరాజుగారి "నారాయణరావు"తో పాటు బహుమతి పంచుకున్న నవల ఇది. విశ్వనాథవారు చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాసుకున్నారనీ, 29 రోజుల్లో పూర్తయిందనీ ప్రసిద్ధి. ఇరవై ఏళ్ల వయసులో దీన్ని మూడొంతుల్లో ఒక వంతు చదివి మూసేశాను. పాత ఊరి కట్టుబాట్లను అంత ప్రేమగా చెప్పడం నాకు నచ్చలేదు. ఇప్పటికీ ఆ వాదంతో నాకు పొత్తు కుదరదు. కానీ నోటితో చెప్పించిన పుస్తకం గనక నోటితో చదివితే దాని ఊపిరి తెలిసింది. పొడుగు వాక్యాలు ఎక్కడ ఆగాలో వాటికవే చెబుతాయి. గుడి చుట్టూ అల్లుకున్న సుబ్బన్నపేట బతుకు ఒక్కో పడగా ఒరిగిపోతుంటే, పైరుపచ్చలతో ముడిపడ్డ పసిరిక గురించి వినేటప్పుడు, స్వామికి తన ఆటపాటలు అర్పించుకున్న గిరిక గురించి వినేటప్పుడు, వాదం వెనక్కిపోయి దుఃఖం ముందుకొచ్చింది. కళ్ల ముందు తన ఊరు మాయమైపోతున్న మనిషి దుఃఖం అది. దాన్ని నేను కాదనలేను.

అయినా అమ్మ ప్రశ్న అక్కడే ఉంది. ఆ గుడి మాన్యాల్లో నాట్లు వేసినవాళ్లు, ఆ ఊరి చివర ఉన్నవాళ్లు ఏమనుకున్నారు? అందుకని వెంటనే ఉన్నవ లక్ష్మీనారాయణగారి "మాలపల్లి" తీశాం. వేయిపడగలుకు పన్నెండేళ్ల ముందు, 1922లో వచ్చింది. ఉన్నవవారు రాయవేలూరు జైల్లో రాసిన నవల. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కూడా. నిజం చెప్పాలంటే ఇందులో ఉపన్యాసాలు ఎక్కువ. కొన్ని అధ్యాయాలు చదువుతుంటే నా గొంతు అలిసిపోయింది, అమ్మ కునుకు తీసింది. కానీ రామదాసు ఇంట్లో, మహాలక్ష్మితో ఆయన మాట్లాడే చోట్ల గుంటూరు పల్లె భాష కల్తీలేకుండా వినిపిస్తుంది. సంగదాసు చనిపోయే ఘట్టం చదివిన రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు. కూలి అడిగినవాళ్ల పక్కన నిలబడినందుకు, తన స్నేహితుడి తండ్రి చేతిలోనే ఆ కుర్రవాడు ప్రాణం పోగొట్టుకుంటాడు.

ఈ రెండు పుస్తకాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవాలని నా అభిప్రాయం. మనవాళ్లు పుస్తకాలను శిబిరాలుగా విడదీసి, ఇది చదివినవాళ్లు అది ముట్టుకోకూడదన్నట్టు మాట్లాడతారు. నాకు అది సబబుగా తోచదు. ఒక పుస్తకంలో వినపడని గొంతు ఇంకో పుస్తకంలో వినపడుతుంది. మన ఊళ్ల కథ పూర్తిగా తెలియాలంటే వేయిపడగలులోని ధర్మారావు మాటా వినాలి, మాలపల్లిలోని సంగదాసు మాటా వినాలి.

అక్కణ్ణించి వేరే జిల్లాల భాషలోకి వెళ్లాం. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి "పచ్చనాకు సాక్షిగా" చిత్తూరు జిల్లా రైతుకుటుంబపు మాటల్లో ఉంటుంది. మొదటి పది పేజీలు నా గోదావరి నోటికి లొంగలేదు. మాటల ఒత్తు ఎక్కడ పడాలో తెలియక తడబడ్డాను. పదకొండో పేజీకి నాలుక దారి తెలుసుకుంది. దూరపు చుట్టాలింటికి వెళ్లి, మొదటి రోజు మొహమాటపడి, మూడో రోజుకు వాళ్ల వంటింట్లో తిరిగినట్టు అయింది. ఆ ఇంట్లో పేదరికం ఉంది, పోట్లాటలున్నాయి, వాటన్నిటి మధ్యా కొండంత ప్రేమ ఉంది. నవ్వుతూ వింటున్న అమ్మ ఉన్నట్టుండి కళ్లు తుడుచుకునేది.

దాశరథి రంగాచార్యగారి "చిల్లర దేవుళ్లు" ఇంకో పాఠం. నిజాం పాలనలో తెలంగాణ పల్లె, దొర, గడీ, వెట్టి. బతుకుతెరువు వెతుక్కుంటూ ఆ ఊరికి వచ్చిన సంగీతగాడు సారంగపాణి కళ్లతో మనమూ ఆ గడీలోకి అడుగుపెడతాం. చదువుతుండగా "ఆడబాప" అన్న మాట వచ్చింది. అంటే ఏమిటే అని అమ్మ అడిగింది. దొరల ఇంట్లో ఆడపిల్లకు పెళ్లయితే, ఆ పెళ్లికూతురితో పాటు అత్తవారింటికి దాసీగా పంపే పిల్ల అని చెప్పాను. సామాన్లతో పాటు పంపే మనిషి. అమ్మ కాసేపు ఆగి, "మన భాషలో ఈ మాట ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియలేదు" అంది. ఒక మాట తెలియకపోతే ఆ మాట మోసిన బతుకూ తెలియదు. తెలుగువాళ్లమని చెప్పుకునేవాళ్లందరం మన ప్రాంతం కాని ప్రాంతపు నవల ఒక్కటైనా ఆ యాసలోనే, పైకి చదవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇప్పుడు నా లెక్క తప్పిన పుస్తకం గురించి చెబుతాను. పైకి చదివితే నిలిచే పుస్తకమే మంచి పుస్తకమని అప్పటికి నేను తీర్మానించుకున్నాను. బుచ్చిబాబుగారి "చివరకు మిగిలేది" ఆ తీర్మానాన్ని కొట్టేసింది. ఆకాశవాణిలో ఎన్నో ఏళ్లు పనిచేసి, చెవికి ఎలా రాయాలో బాగా తెలిసిన రచయిత ఆయన. అయినా ఈ నవల గొంతుకు లొంగలేదు. దయానిధి మనసులో తిరిగే ఆలోచనలు బయటికి అంటుంటే, అమ్మ మూడో రోజు చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దే, ఎవరో ఒంటరిగా ఏడుస్తుంటే తలుపు సందులోంచి వింటున్నట్టుంది" అంది. ఆవిడ మాట నిజం. కొన్ని పుస్తకాలు ఒక్క మనిషి కోసం, మౌనంగా చదువుకోవడానికే పుడతాయి. ఆ నవల తరవాత నేను ఒంటరిగా పూర్తిచేశాను. నా దృష్టిలో అది తెలుగులో గొప్ప నవలల్లో ఒకటి. మర్నాడు కథ చెప్పమంటే చెప్పాను. తల్లి మీద లోకం వేసిన నింద కొడుకు బతుకంతా నీడలా వెంటాడుతుందని. "మరి ఆ తల్లి ఏమంటుంది?" అని అడిగింది. ఆ నవలంతా ఆ తల్లి మౌనం మీదే కట్టారేమో అని అప్పుడు నాకు తోచింది. వినకుండానే అమ్మ నవల గుండెకాయ పట్టుకుంది.

శంకరమంచి సత్యంగారి "అమరావతి కథలు" విషయంలో మా ఇద్దరికీ తేడా వచ్చింది. ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చిన నూరు కథలు, 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి. నేను ఆ పుస్తకాన్ని ఒకప్పుడు రెండు రోజుల్లో చదివి, తీపి ఎక్కువైందని అనుకున్నాను. అమ్మ రోజుకు ఒక్క కథ మించి చదవనిచ్చేది కాదు. "ఒకటి చాలు, రేపటికి ఉంచు" అనేది. అలా నూరు రాత్రులు చదివాం. ఒక్కో కథా కృష్ణ ఒడ్డున ఒక్కో సాయంకాలంలా నిలిచింది. వారానికి ఒకటి చొప్పున చదవమని వేసిన కథలను నేను గంటకు పది చొప్పున మింగి, రచయితను తప్పుపట్టాను. ఈ పుస్తకం విషయంలో నా పాత అభిప్రాయాన్ని పూర్తిగా వెనక్కి తీసుకుంటున్నాను.

కేశవరెడ్డిగారి "అతడు అడవిని జయించాడు" మాత్రం రెండే రాత్రుల్లో అయిపోయింది, ఆపడం మా తరం కాలేదు. ఈనడానికి అడవిలోకి వెళ్లిపోయిన పందిని వెతుక్కుంటూ వెళ్లిన ఒక ముసలివాడు, ఒక రాత్రి, ఒక అడవి. సంభాషణ దాదాపు లేదు. అయినా వాక్యాలు ఆ ముసలివాడి అడుగుల్లా పడతాయి. పశువుల మధ్య పెరిగిన అమ్మ, "ఈనిన పశువు సాకిన చేతినైనా దగ్గరికి రానివ్వదు, ఈయనకు పశువులు తెలుసు" అని మెచ్చుకుంది. నోరులేని జీవి పట్టుదలను, దాన్ని సాకినవాడి ప్రేమను ఒకే తక్కెట్లో ఉంచి తూచిన రచయిత అని నేను అంటాను. తెలుగు తెలిసిన ప్రతి ఇంట్లోనూ ఉండవలసిన పుస్తకం.

కథలూ నవలలూ కానివి కూడా చదివాం. సురవరం ప్రతాపరెడ్డిగారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" 1949లో వచ్చింది. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి బహుమతి ఈ పుస్తకానికే. రాజుల యుద్ధాలు పక్కనపెట్టి, మన పూర్వులు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏం ఆడుకున్నారు అని పాతకావ్యాల్లో వెతికి పట్టుకున్నారు. పాల్కురికి సోమన, శ్రీనాథుడు, కృష్ణదేవరాయలు ఆయనకు సాక్షులు. ఆ పుస్తకం చదవడానికి అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది. ప్రతి పేజీకీ అమ్మ తన మాట కలిపేది. వామనగుంటలు ఎలా ఆడతారో, అచ్చనగాయల్లో ఏ ఎత్తు కష్టమో, ఏ పండక్కి ఏ పిండివంటో చెప్పేది. తన బతుకూ చరిత్రేనని ఆవిడకు తెలిసింది ఆ పుస్తకం వల్లే. ఒక పుస్తకం ఇంతకు మించి చేయవలసింది ఏముంటుంది?

చివరగా చదివింది ఏనుగుల వీరాస్వామయ్యగారి "కాశీయాత్ర చరిత్ర". మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో దాదాపు నూరుమందితో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. దారిలో చూసింది చూసినట్టు స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి రాస్తూ వచ్చారు. ఆ పిళ్లెగారే 1838లో దాన్ని అచ్చువేయించారు. ఏ మజిలీలో మంచినీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఏ దారి బురద, ఏ ఊళ్లో దిగడానికి చోటుంది - అన్నీ ఉంటాయి. అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ. అక్కణ్ణించి గయ, కలకత్తా, జగన్నాథం. భాష పాతది, మొదట గొంతుకు అడ్డం పడుతుంది. నాలుగు మజిలీలు దాటాక మనమూ ఆ జట్టులో నడుస్తున్నట్టే ఉంటుంది. చూపులేని అమ్మ ఆ పుస్తకంతో దేశమంతా తిరిగింది.

ఒక రాత్రి ఆపి అడిగింది: "పల్లకీ మోసిన బోయీలు కూడా గంగలో మునిగారా?" ఆయన బోయీలను మరిచిపోలేదు, పుస్తకంలో వాళ్ల ప్రస్తావన వస్తూనే ఉంటుంది. కానీ బోయీలు చెప్పుకున్న కాశీయాత్ర మన చేతికి రాలేదు. రాసిన పుస్తకాల పక్కన, ఎవరూ రాయని పుస్తకాలు ఎన్ని ఉన్నాయో ఆ రాత్రి నాకు అర్థమైంది.

మేం జగన్నాథం దాటి దక్షిణానికి తిరిగే చోట ఉండగా అమ్మ కన్నుమూసింది. నెల తరవాత మిగిలిన మజిలీలు నేను పైకే చదివాను. వీరాస్వామయ్యగారిని చెన్నపట్నం చేర్చి పుస్తకం మూశాను.

ఫలానా పుస్తకం ఎలా ఉందని ఇప్పుడు ఎవరైనా అడిగితే, బాగుంది, బాగాలేదు అని వెంటనే చెప్పలేకపోతున్నాను. అందులో ఎవరు మాట్లాడారో, ఎవరు మాట్లాడలేదో చూసుకున్నాకే నోరు విప్పుతున్నాను. ఇది మా అమ్మ నాకిచ్చిన చదువు.

శ్రోతలను ఒక్కటే కోరుతున్నాను. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో చూపు తగ్గిన పెద్దవాళ్లు ఉంటే, ఈ రాత్రి ఒక పుస్తకం తీసుకుని వాళ్ల దగ్గర కూర్చోండి. గంట చాలు. ఏ పుస్తకమైనా ఫరవాలేదు. మధ్యలో ఆపి ఏదైనా అడిగితే విసుక్కోకండి. వాళ్లు అడిగిన చోట మీరూ కాసేపు ఆగండి.